‘మా తండ్రీ’ అనేటప్పుడు

ఈ స్వర్ణోత్సవ సభలో ప్రార్థన గురించి రెండు మాటలు చెప్పమన్నారు. అన్ని మతాల పిల్లలం ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లం గనక ఉపదేశం జోలికి పోను.

మత్తయి సువార్త 6వ అధ్యాయంలో యేసు నేర్పిన ప్రార్థన ఉంది. అందులో ‘నా’ అనే మాటే లేదు, అంతా ‘మా’. అడిగే తిండి కూడా ఆ రోజుకే. మనమేమో ‘మా’ అంటే మా ఇల్లు, మా వీధి అని సరిపెట్టుకుంటాం.

మన ప్రాంతంలో అలా కుదరదు. తమ్మిలేరు, బుడమేరు కొల్లేట్లోకి దిగుతాయి. ఆ నీళ్లు సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. తాడేపల్లిగూడెం మెట్ట రైతు వాన కోసం మోకరించిన రాత్రే, కొల్లేటి లంకలో ఒక తల్లి వాన ఆగాలని మోకరిస్తుంది. మంచివాళ్ల మీదా చెడ్డవాళ్ల మీదా దేవుడు ఒకే వాన కురిపిస్తాడని 5వ అధ్యాయం. ఆయన ప్రేమకు అది గుర్తు. నిజమే గాని, నడుంలోతు నీళ్లలో నిలబడి చదివితే వెంటనే ‘ఆమెన్’ అనబుద్ధి కాదు.

ఏలూరులో మా అమ్మకు ఈ చర్చలేవీ తెలియవు. ముసురు పట్టిన రాత్రి ఆమె ప్రార్థన పొడుగయ్యేది. మెట్టకు వాన, లంకలకు తెరిపి, రెండూ అడిగేది. తెల్లారాక ఎసట్లో సోలెడు బియ్యం ఎక్కువ పోసేది, లంకల నుంచి ఎవరైనా వస్తారేమోనని.