బాలబాలికలకు సూక్ష్మదర్శిని
(ఒక పఠనమందిరమున పౌరుల యెదుటను, ఉపాధ్యాయుల యెదుటను చదివిన ఉపన్యాసము)



ఆరవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు చదువు బాలబాలికలకు అణువులను గూర్చియు, జీవకణములను గూర్చియు ఎట్లు బోధింపవలెనను విషయమును నేడు మీ యెదుట ప్రస్తావింపదలచితిని. ఇది ఉపాధ్యాయులకు మాత్రమే సంబంధించినదని తలంపకుడు. 1976వ సంవత్సరమున 42వ సవరణచే మన రాజ్యాంగమున చేర్చబడిన 51ఎ ప్రకరణము శాస్త్రీయదృష్టిని పెంపొందించుకొనుట ప్రతి పౌరుని విధియని చెప్పుచున్నది. విధిని శాసనము విధింపగలదు. దృష్టి నలవరుపవలసినది బడి. చూడనేర్వని బాలుడు పెరిగి పెద్దవాడై ఎవరేమి చెప్పినను నమ్మును. లేదా దేనిని నమ్మకుండును. ఈ రెండును స్వతంత్రజాతికి తగిన లక్షణములు కావు.

మొదట మన భాషలోని యొక చిక్కును చెప్పెదను. జీవశాస్త్రోపాధ్యాయుడు వచ్చి, దేహము కణములచే నిర్మితమని బోధించును. గంట కొట్టిన పిదప భౌతికశాస్త్రోపాధ్యాయుడు వచ్చి, రాయియు, నీరును, గాలియు కణములచే నిర్మితములని బోధించును. మాట యొకటే, వస్తువులు వేరు. మొదటివారి కణము ప్రాణముగల గది. రెండవవారి కణము అణువో, పరమాణువో. పిల్లవాడు రెంటిని కలిపివేసి, జీవకణమే అణువని తలంచును. పరీక్షలో రెండు నిర్వచనములను తప్పులేక వ్రాయును గాని, ఏది పెద్దది, ఏది చిన్నది, ఏది దేనిలో నున్నదని యడిగినచో నోరు మెదపడు. ఈ చిక్కు మాటలతో విడునది కాదు, కన్నులతో విప్పవలెను.

దానికి వలయు సామగ్రి ప్రతి వంటయింటను ఉన్నది. ఉల్లిగడ్డను కోసి, లోపలి రేకను విరిచినచో పలుచని పొర యొకటి ఊడి వచ్చును. దానిని ముడుత పడకుండ గాజుపలకపై నీటిచుక్కలో పరచి, ఒక చుక్క అయొడిన్ వేసి, పై గాజుబిళ్లను ఏటవాలుగా మెల్లగా దింపవలెను. ఒక్కసారిగా వేసినచో గాలిబుడగలు చిక్కుకొనును. నల్లని అంచుగల ఆ గుండ్రని బుడగలనే పిల్లలు కణములని భ్రమపడుదురు. పిదప తక్కువ శక్తిగల కటకముతో మొదట చూడవలెను. ఇటుకల గోడవలె వరుసలు తీరిన గదులును, ఒక్కొక గదిలో పసుపువన్నె చుక్కవంటి కేంద్రకమును అపుడు కనబడును.

ఇంతకుముందే ఒక చిన్న పరీక్ష చేయించుట మంచిది. పాత వార్తాపత్రికనుండి ఒక అక్షరమును కత్తిరించి కటకము క్రింద నుంచుడు. అది తలక్రిందులై, కుడియెడమలు మారి కనబడును. పలకను కుడికి జరిపిన బొమ్మ ఎడమకు పోవును. పరికరము చూపునది ఎట్లు చూపుచున్నదో ముందు తెలిసికొనవలెనను పాఠము ఆ యొక్క అక్షరముచేత అబ్బును.

చూచినది చాలదు, కొలువవలెను. కటకము క్రింద మిల్లీమీటరు గీతలుగల పారదర్శకపు స్కేలు నుంచినచో కనబడు వృత్తము వెడల్పెంతయో తెలియును. అది 2 మిల్లీమీటర్లనుకొందము. ఆ వెడల్పున ఉల్లికణములు ఎనిమిది పట్టినచో ఒక్కొకటి 0.25 మిల్లీమీటరు పొడవు. ఏడవ తరగతి బాలిక చేయగల భాగహారమే యిది. కాని తన చేతితో ఒక జీవకణమును కొలిచితినను ఎరుక ఆమెకు జన్మమంతయు నిలుచును.

ఇపుడు అణువు మాట. నీటి అణువు వెడల్పు మిల్లీమీటరులో పదిలక్షలవ వంతుకు సుమారు మూడవ భాగము. మనము కొలిచిన ఉల్లికణము పొడవున నీటి అణువులను వరుసగా నిలిపినచో ఇంచుమించు ఎనిమిది లక్షలు పట్టును. అణువును రెండు మిల్లీమీటర్ల ఆవగింజయంత చేసినచో ఆ ఉల్లికణము ఒక మైలు పొడవగును. మైలు పొడవుగల మేడకును ఆవగింజకును ఉన్న భేదమే జీవకణమునకును అణువునకును ఉన్న భేదము. ఈ ఉపమానము విన్నవాడు వానిని మరల కలిపివేయడు.

ఐతే ఆ అణువును సూక్ష్మదర్శినిలో చూపుడని పిల్లలడుగుదురు. అడుగవలసిన ప్రశ్నయే అది. బడిలోని సూక్ష్మదర్శిని వెలుతురుతో పనిచేయును. మిల్లీమీటరులో అయిదువేలవ వంతుకంటె దగ్గరనున్న రెండు చుక్కలను సామాన్యపు వెలుతురు విడదీసి చూపజాలదు. కటకమెంత గొప్పదైనను వెలుతురు తరంగముల పరిమాణమే అడ్డు నిలుచును. కావున అణువు మనకు కనబడదు. మరి ఉన్నదని ఎట్లు తెలిసినది?

నీరు కలిపిన పాలచుక్కను 400 రెట్లు పెంచి చూపుడు. చిన్నచిన్న వెన్నగోళములు నిలుకడలేక వణకుచుండును. అవి ప్రాణులని పిల్లలందురు. రాబర్ట్ బ్రౌన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు 1827లో పుప్పొడిలోని నలుసులందు ఇట్టి చలనమును చూచి, ప్రాణములేని రాతిపొడినిగూడ పరీక్షించెను. అదియు నట్లే కదలెను. కావున కారణము ప్రాణము కాదు. కనబడని నీటి అణువులు అన్నివైపులనుండి తాకుటచేతనే ఆ వణకు కలుగుచున్నదని 1905లో ఐన్‌స్టైన్ గణితముచే చెప్పగా, 1908 మొదలు జా పెరాఁ ప్రయోగములచే నిరూపించి 1926లో నోబెల్ బహుమానము పొందెను.

కణము మనకు ప్రత్యక్షము, అణువు అనుమానము. ఈ రెండు మాటలును మన పెద్దలవే. కొండపై పొగను చూచి నిప్పునూహించుట అనుమానమని తర్కశాస్త్రము చెప్పును; వెన్నగోళము పొగ, నీటి అణువు నిప్పు. వైశేషికులు ఎండలో తేలు నలుసునకును అవయవములుండవలెనని తర్కించి పరమాణువు నంగీకరించిరి. వారి బుద్ధికి నమస్కరింతము. అంతమాత్రమున ఆధునికశాస్త్రమంతయు మనకు పూర్వమే యుండెనని బాలురకు చెప్పుట దేశభక్తి కాదు. తూచి, కొలిచి నిరూపించుట తరువాతి శతాబ్దముల పని. లేని కీర్తిని చెప్పుకొనువాడు ఉన్న కీర్తినిగూడ శంకాస్పదము చేయును.

ఉన్న కీర్తి తక్కువయా? 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కెతో కూడి, నీలిరంగు గాఢతనుబట్టి ఫాస్ఫరసును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. ఆ పద్ధతి వెంటనే పోయి, కండరములందలి ఫాస్ఫోక్రియేటిన్‌ను 1927లోను, జీవకణమునకు శక్తి నందించు ఏటీపీ యను అణువును 1929లోను వెల్లడించిరి. ఆయన ఏటీపీని కంటితో చూడలేదు. రంగును చూచి, కొలిచి, అనుమానించిరి. ఇది మన పిల్లలకు చెప్పదగిన కథ.

ఇక మన బడులలో జరుగుచున్నదేమి? పెక్కుచోట్ల సూక్ష్మదర్శిని బీరువాలో తాళము క్రింద నున్నది. విరుగునను భయముచే పిల్లల చేతికీయరు. ప్రయోగపుస్తకమున మాత్రము కణము బొమ్మ నిండుగా నుండును. ఆ సూక్ష్మదర్శినిలో కనబడని మైటోకాండ్రియములును, గాల్జీ సంక్లిష్టమును అందులో రంగురంగులుగా నుండును. పాఠ్యపుస్తకమును చూచి గీసినవానికి పూర్తి మార్కులు; తాను చూచిన గోడను, కేంద్రకమును మాత్రమే గీసినవానికి సగము మార్కులు. అయ్యా, ఇది విజ్ఞానబోధ కాదు. చూడనిదానిని చూచితినని వ్రాయుటకు పదునొకండేండ్ల ప్రాయముననే శిక్షణ. ఆ శిక్షణ పొందినవాడు రేపు లెక్కలు వ్రాయు గుమాస్తాయై, పంచనామా వ్రాయు ఉద్యోగియై అదే పని చేసినచో మనము విస్మయపడనేల?

రాబర్ట్ హుక్ 1665లో బెండుముక్కను చూచి గదులని పేరు పెట్టెను. డెల్ఫ్ట్ నగరపు బట్టలవర్తకుడు లీవెన్‌హాక్ తాను నూరిన చిన్న కటకముతో నీటిలోని సూక్ష్మజీవులను చూచి 1676లో లండను రాయల్ సొసైటీకి వ్రాసెను. వ్రాసినది తన మాతృభాషలోనే. అతనికి వేరొకటి రాదు. పండితులు ఆ మాట నట్లే నమ్మక, మరునాటి సంవత్సరమున హుక్ చూపగా చూచి నమ్మిరి. మాతృభాషలో నిజము చెప్పిన వర్తకుడును, చూచిన పిదపనే నమ్మిన పండితులును మన బడికి ఆదర్శప్రాయులు.

ధనము లేదనుట నేడు చెల్లదు. కాన్పూరు ఐఐటీలో చదివిన మను ప్రకాశ్ స్టాన్‌ఫర్డున తన శిష్యులతో కూడి 2014లో కాగితము మడిచి చేయు సూక్ష్మదర్శినిని ప్రకటించెను. అది 140 రెట్లు పెంచి చూపును. మన అంబాలా నగరమున బడులకు వలయు సూక్ష్మదర్శినులు తయారగుచున్నవి. కొరతయైనది కటకము కాదు. పిల్లల చేతికిచ్చు గుండె.

1906లో స్థాపితమైన విజ్ఞానచంద్రికా మండలి శాస్త్రములను తెలుగున వ్రాయించి మనకు మాట నిచ్చెను. చూపు నిచ్చుట మన వంతు. ఉపాధ్యాయులారా, బీరువా తాళము తీయుడు. చూచినదానిని గీసినవానికే మార్కులిండు. పౌరులారా, ఈ పఠనమందిరమున పత్రికల బల్ల ప్రక్కను ఒక సూక్ష్మదర్శిని నుంచి, ఆదివారములందు పిల్లలను రానిండు. "నేను చూచితిని" అనుటకును, "నేను ఊహించితిని" అనుటకును భేద మెరిగిన తరము ఆ బల్లయొద్దనే తయారగును.