సిరా లెక్క, చెవి లెక్క
(స్మారకోపన్యాస పాఠం)

మాస్టారి పాండిత్యం గురించి ముందు మాట్లాడినవారు చెప్పారు కనుక నేను మళ్లీ ఎత్తుకోను. నాకు గుర్తున్న మాస్టారు పరీక్ష హాల్లో కాపలా కాస్తూ, ఇంగ్లీషు పేపర్లో వచ్చే తారుమారు అక్షరాల పజిల్‌ను అరచేతి మీద రాసుకుని విప్పేవారు. నా చాంబర్స్ నిఘంటువు పట్టుకెళ్లి తిరిగి ఇవ్వలేదు. ఆ పజిల్ మీదే మా ఇద్దరికీ తగువు. ఇరవయ్యారు విడి అక్షరాలున్న ఇంగ్లీషుకే ఈ విద్య అబ్బుతుందనీ, హల్లుకు అచ్చు అతుక్కుపోయిన తెలుగుకు రాదనీ ఆయన వాదం. ఆయన శిష్యులు ఇవాళ్టికీ అదే రాస్తున్నారు. ఈ పూట మైకు నా చేతిలో ఉంది.

చరిత్రలోకి ఎక్కువ వెళ్లను. 1610లో గెలీలియో శనిగ్రహం గురించి తాను చూసిన సంగతిని అక్షరాలు కలగలిపి పంపడం, కెప్లర్ దాన్ని కుజుడికి రెండు ఉపగ్రహాలున్నాయని తప్పుగా విప్పుకోవడం, 1877లో అవి నిజంగానే కనబడడం మీకు తెలిసిన కథే. రాబర్ట్ హుక్ మాత్రం నాకు తర్వాత పనికొస్తాడు. స్ప్రింగు సూత్రాన్ని 1676లో అతను లాటిన్ వాక్యంగా అచ్చు వేయలేదు. అందులోని పద్నాలుగు అక్షరాలనూ అకారాది వరసలో పేర్చి వేశాడు. అర్థం 1678లో చెప్పాడు.

ఇప్పుడు అసలు మాట. మాస్టారు మురిసిపోయే జంట ‘లిసన్’, ‘సైలెంట్’. ఆరు అక్షరాలూ అవే. కానీ పలికి చూడండి. మొదటి మాటలో ‘టీ’ అనే అక్షరం నోరు మెదపదు, రెండోదాంట్లో గట్టిగా పలుకుతుంది. ‘ఐ’ అన్న అక్షరం ఒకచోట ఇకారం, ఇంకోచోట ఐకారం. కాగితం మీద కవలలు, చెవికి పరాయివాళ్లు. స్టాప్, స్పాట్, పాట్స్, ఆప్ట్స్, టాప్స్, పోస్ట్ అనే ఆరింటినీ ఒకే గూటి పక్షులంటారు. మొదటి ఐదూ చెవికీ చుట్టాలే. ఓకారంతో పలికే పోస్ట్ మాత్రం స్పెల్లింగు పుణ్యాన లోపలికొచ్చింది. తిరగేసి చూద్దాం. నైఫ్, ఫైన్: అవే మూడు ధ్వనులు, అటుదిటు. అయినా పలకని ‘కే’ ఒకటి ముందు కూర్చున్నందుకు పజిల్ వాళ్లు ఆ జంటను గడప తొక్కనివ్వరు. కాక్స్టన్ 1476లో వెస్ట్‌మినిస్టర్‌లో ముద్రణ మొదలుపెట్టాక రాత గడ్డకట్టుకుంటూ వచ్చింది, ఉచ్చారణ తన దారిన పోయింది. మాస్టారు భాషకు వేసిన వీరతాళ్లలో సగం అచ్చుకూటానికి చెందాలి.

ఇక తెలుగు. మనవాడి చెవి అక్షరాన్నే వింటుంది, వర్ణాన్ని కాదు, ఛందస్సు సాక్షి అని ఆయన అనేవారు. గణాలకు సరే. మరి ప్రాస? పాదంలో రెండో అక్షరపు హల్లు నాలుగు పాదాల్లోనూ ఒకటై ఉండాలి, దాని మీది అచ్చు ఏదైనా ఫరవాలేదు. హల్లునూ అచ్చునూ విడదీసి వినలేని చెవికి ఇలాంటి నియమం ఎలా పుడుతుంది? ఈ ప్రశ్న మాస్టార్ని ముఖాముఖి అడిగాను. టీ తాగుదామన్నారు.

అంతకన్నా పాత సాక్షులున్నారు. యాస్కుడు నిరుక్తం రెండో అధ్యాయంలో మొదలూ చివరా తారుమారయ్యే మాటలను ప్రస్తావించాడు. పతంజలి మహాభాష్యంలో వర్ణవ్యత్యయానికిచ్చిన ఉదాహరణల్లో ‘హింస’ ధాతువు నుంచి ‘సింహ’ శబ్దం ఒకటి. ఆ వ్యుత్పత్తి భాషాశాస్త్రానికి నిలుస్తుందా అన్నది వేరే గొడవ. నా వాదానికి ఆ లెక్క చాలు. అక్షరాలుగా ‘హిం’, ‘స’ వేరు, ‘సిం’, ‘హ’ వేరు. వర్ణాలుగా అవే. వాన, నావ అంతే. పాము, మాపు అంతే. నారి, రాని అంతే. అక్షరవాదులు తల-లత, పాట-టపా చూపించి తెలుగులో ఇంతకుమించి దొరకవంటారు. వల కన్నాలు అంత పెద్దవి పెట్టుకుంటే చేపలెలా పడతాయి?

అందుకే కొంతకాలంగా ఒక సూచిక కడుతున్నాను. పద్ధతి హుక్‌దే. ప్రతి మాటనూ వర్ణాలుగా విప్పి, వర్ణమాల వరసలో పేర్చి, ఒకే వరస వచ్చిన మాటలను ఒక పెట్టెలో వేయడం. నిఘంటువుల్లో చివర ఉండే ‘ము’ తీసేసి ప్రాతిపదికనే లెక్కిస్తాను, లేకపోతే ‘సింహము’ ‘హింస’ దగ్గరికే రాదు. దీర్ఘాన్ని రెండు హ్రస్వాలుగా చీల్చను. ద్విత్వాన్ని రెండు హల్లులుగానే ఎంచుతాను. సున్నా మాత్రం సతాయిస్తోంది. ‘కలం’, ‘లంక’ రాతలో అచ్చంగా అవే రెండు అక్షరాలు. నోట్లో మొదటిదాని సున్నా మకారం, రెండోదానిది కకారం ముందు వచ్చే ఙకారం. లిసన్, సైలెంట్ల జబ్బు మనకూ ఉందన్నమాట. నేను చెవి పక్షం కనుక వాటిని వేర్వేరు పెట్టెల్లో వేశాను. సింహానికీ హింసకూ నడుమ ఉన్న సున్నాను కూడా ఇంతే పట్టుదలగా నోటితో తూచాలి కదా అని ఎవరైనా అడగవచ్చు. అడగండి. సూచిక ‘న’కారం దాకా వచ్చింది, ‘హ’కారం చేరేలోగా దానికి జవాబు రాస్తాను.