నిలుచుట నేర్చిన జాగిలము

విసరిన బంతి వెంట పరుగిడని కుక్కపిల్ల అరుదు. పరుగిడుటను ఎవరును నేర్పనక్కరలేదు. కన్నుల ముందర పక్షి నేలరాలినను, దానిని తెచ్చుటకు ప్రక్కనున్న మరియొక కుక్కను పంపినను, తాను కదలక మెదలక కూర్చుండుటయే నేర్పవలసిన విద్య. రిట్రీవర్ జాతి జాగిలములకు ఈ విద్యను నేర్పు విధమును గూర్చి శ్రోతలకు నాలుగు మాటలు మనవి చేయదలచితిమి.

రిట్రీవర్ అనగా తెచ్చి యిచ్చునది. తుపాకి దెబ్బ తిన్న పక్షిని పొదలనుండియు నీటినుండియు వెదకి, నలుగకుండ నోట కరచి తెచ్చి యజమాని చేతికిచ్చుట దీని పని. గాయపడిన పక్షి పొదలో పడి గంటల తరబడి బాధపడకుండ త్వరగా దొరకవలెననుటయే ఈ పనికి గల న్యాయము. ఈ జాతులలో ప్రసిద్ధమైనది లాబ్రడార్. దీని పూర్వులు న్యూఫౌండ్లాండ్ ద్వీపమున బెస్తవారికి తోడుగ చన్నీట ఈదిన కుక్కలు. పందొమ్మిదవ శతాబ్దమున అవి ఇంగ్లండు చేరినవి. 1903లో అచ్చటి కెన్నెల్ క్లబ్ లాబ్రడారును ప్రత్యేక జాతిగ గుర్తించినది.

ఈ జాగిలముల పనితనమును పరీక్షించు పోటీలకు ఫీల్డ్ ట్రయల్స్ అని పేరు. బ్రిటనులో ఇవి శరత్కాలమునను చలికాలమునను వేటపొలములలోనే జరుగును. జాగిలములు, వాని శిక్షకులు, తుపాకులు పట్టినవారు, న్యాయనిర్ణేతలు ఒక వరుసగ నడతురు. పక్షి పడినపుడు న్యాయనిర్ణేత ఏ జాగిలమును పంపుమనునో అదియే పోవలెను. ఆజ్ఞ లేక పరుగిడినను, మొరిగినను, మూలిగినను, నీట దిగకున్నను, పక్షిని పండ్లతో నలిపినను, ఆనాటికి దాని పోటీ ముగిసినట్లే. పక్షి నలిగినదా లేదా యని న్యాయనిర్ణేత దాని ప్రక్కటెముకలను వ్రేళ్లతో తడవి చూచును. అమెరికాలోను ఈ పోటీలకు గొప్ప ఆదరము కలదు. 1952లోను 1953లోను అచ్చటి జాతీయ విజేతగ నిలిచిన కింగ్ బక్ అను నల్ల లాబ్రడారు చిత్రము 1959లో ఆ దేశపు బాతువేట స్టాంపుపై అచ్చయినది. ఆ స్టాంపుపై కుక్క బొమ్మ వచ్చుట అదియే ప్రథమము.

మరి శిక్షణ ఎట్లు? మొదటి నెలలలో ఆటయే పాఠము. పిల్లతో గుడ్డపేలిక పట్టి లాగులాడరాదు. నోటిలోనిది పెరికి తీసికొనరాదు. అట్లు చేసిన, గట్టిగ కరచి పట్టుట దానికి అలవడును. తుపాకి మ్రోతను తొలుత దూరమునుండి వినిపించి, క్రమముగ దగ్గరకు తేవలెను. పిమ్మట కూర్చుండుట నేర్పుదురు. శిక్షకుడు జాగిలమును కూర్చుండబెట్టి, కాన్వాసు గుడ్డతో చేసిన డమ్మీని దూరముగ విసరి, పలుమారులు తానే పోయి దానిని తెచ్చుకొనును. చూచువారికి నవ్వు వచ్చును. కాని విసరినదెల్ల తనది కాదని జాగిలమునకు ఇట్లే తెలియును.

ఆ తరువాత ఈల. ఒక్క దీర్ఘమైన ఈల వినబడిన వెంటనే నిలిచి శిక్షకుని వంక చూడవలెను. కుడి, ఎడమ, వెనుక మూడు దిక్కుల మూడు డమ్మీలనుంచి, చేయి చాచిన వైపునకే పోవుట అలవాటు చేయుదురు. తుదకు తాను చూడనిచోట పడినదానిని, చేసైగను మాత్రమే నమ్మి, పోయి తేవలెను.

ఇచ్చట ఒక చిక్కు కలదు. పక్షి పడిన తావు మనిషికి తెలియును. గాయముతో అది పరుగిడిన దారి జాగిలము ముక్కునకే తెలియును. మాటిమాటికి ఈల వేసిన, జాగిలము వెదకుట మాని అడుగడుగునకు వెనుదిరిగి చూచును. అసలే వేయకున్న, చేయి దాటిపోవును. ఈల నోట నుంచుకొనియు ఊదక ఓపిక పట్టుట శిక్షకుడు తనకు తాను నేర్పుకొనవలసిన పాఠము. కూర్చుండుట జాగిలమునకెంత కష్టమో, ఇది మనిషికంత కష్టము.

ఇంత ఓపిక లేనివారు మెడపట్టీద్వారా విద్యుత్తు తగిలించి త్వరగా ఫలము పొందజూతురు. అమెరికాలో శిక్షణయందు దానిని వాడువారు పలువురు కలరు. వేల్సు 2010లో దాని వాడుకను నిషేధించినది. పోటీ నాడు మాత్రము అమెరికాలోను ఆ పట్టీ జాగిలము మెడనుండరాదు. నాడు దూరమున నున్న జాగిలమునకును మనిషికిని నడుమ మిగులునవి ఈలయు, చేసైగయు, అంతవరకు కూడబెట్టుకొనిన నమ్మకమును మాత్రమే. కావున మేము ఆలస్యమైనను నమ్మకముతో నేర్పుటయే మేలందుము.

మన దేశమున వన్యప్రాణుల వేటను 1972 నాటి చట్టము నిషేధించినది. అందుచేత ఈ విద్య మనకు పనికిరాదనుకొనరాదు. బ్రిటనులోనే పక్షి ప్రాణముతో పనిలేక డమ్మీలతో నడచు పోటీలును కలవు. మన పోలీసు దళములలోను, మన ఇండ్లలోను లాబ్రడారులు పెరుగుచున్నవి. మీ ఇంట కుక్క యున్నచో, ఈ సాయంకాలము దానిని వాకిట కూర్చుండబెట్టి, ఒక బంతి విసరి, మీరే పోయి తెచ్చుకొనుడు. ఇరుగుపొరుగువారు నవ్విన నవ్వనిండు. పదిమారులు అట్లు చేసి, పదునొకండవ మారు దానిని పంపుడు. బంతి తెచ్చి మీ చేతిలో పెట్టినపుడు దాని తల నిమురుట మరువకుడు.