వయ్యారిభామకు ఖాళీ నేల ఇవ్వొద్దు

రోడ్డు వేసినా, కాలువ తవ్వినా, తిరగబడిన మట్టిని ముందుగా ఆక్రమించేది వయ్యారిభామే. 1950లలో పుణెలో కనిపించిన ఈ కలుపు నేడు దేశమంతా పాకింది. ఒక్క మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది. అవి మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి. అందుకే పీకడంతోనే పని తీరదు; ఖాళీ అయిన నేలను వెంటనే మరో మొక్కతో కప్పాలి.

మందు కొడితే సరిపోదా అని అడగవచ్చు. గ్లైఫోసేట్ లాంటి మందు నిలిచిన మొక్కను చంపుతుంది గానీ, మట్టిలోని విత్తనాన్ని తాకదు. మెక్సికో నుంచి తెప్పించిన పెంకు పురుగులు ఆకులు తింటాయి. కానీ వాటి జోరు వానాకాలంలోనే. కాబట్టి పూతకు ముందే, చేతులకు తొడుగులు వేసుకుని, నేల తడిగా ఉన్నప్పుడు వేళ్లతో సహా పీకండి. అక్కడ తంటెం విత్తనాలు చల్లండి. గుబురుగా పెరిగే తంటెం వయ్యారిభామను ఎదగనివ్వదు. మట్టిని కదిపిన ప్రతి పనికీ దాన్ని మళ్లీ పచ్చగా కప్పే బాధ్యత కూడా ఉంది.