నీటి ఊటయొద్దకు వెళ్ళుదము

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలో ఈ వర్తమానం వింటున్న సహోదరీ సహోదరులారా, ఈ రోజు మీ ఇంట్లోని నీళ్ళబిందెను గూర్చి మాట్లాడాలని ఆశిస్తున్నాను.

రాజుల రెండవ గ్రంథము రెండవ అధ్యాయములో యెరికో పట్టణస్థులు ఎలీషా ప్రవక్తయొద్దకు వచ్చిన సంగతి మీకు తెలుసు. ఊరు మంచి చోటనే ఉంది గాని నీళ్ళు పాడైపోయాయని వారు చెప్పుకున్నారు. ప్రవక్త కొత్త పాత్రలో ఉప్పు తెప్పించాడు. ఆ ఉప్పు ఎక్కడ వేశాడు? ఇంటింటికీ తిరిగి కుండలలో వేయలేదు. నీళ్ళు పుట్టే ఊటయొద్దకే వెళ్ళి, అక్కడ వేశాడు. ఈ మాట జ్ఞాపకముంచుకోండి.

నీళ్ళ బాధ మన ఉమ్మడి నల్లగొండ జిల్లాకు కొత్త కాదు. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఏళ్ళు గడిచేకొద్దీ పళ్ళు గారపడతాయి, అది మరీ ఎక్కువైతే ఎముకలు వంకరపోతాయి. నడుము వంగిపోయిన అన్నలను, అక్కలను మనం కళ్ళారా చూశాము. అయితే ఆ ఫ్లోరైడు భూమిలోని రాతినుండి వచ్చింది. దానిని ఎవరూ తెచ్చి పోయలేదు. ఇప్పుడు నేను చెప్పబోయేది రాతినుండి వచ్చినది కాదు, మనుష్యుల చేతులనుండి వచ్చినది. అది మందుల అవశేషము.

మనము మాత్ర మింగుతాము. శరీరం కొంత వాడుకుంటుంది, మిగిలినది మూత్రములో బయటకు పోయి మురుగులో కలుస్తుంది. ఇది ఒక దారి. మందులు తయారుచేసే కర్మాగారాల వ్యర్థజలము రెండవ దారి. ఈ రెండవ దారి ఎంత పెద్దదో ప్రపంచానికి మొదట చూపించినది మన తెలుగు నేలే.

హైదరాబాదు ప్రక్కన పటాన్‌చెరులో సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే కేంద్రము ఒకటి ఉంది. అక్కడ శుద్ధిచేసి విడిచిన నీటిని స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. లీటరు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ 31 మిల్లీగ్రాముల వరకు ఉంది. డాక్టరుగారు వ్రాసే ఆ మాత్ర సాధారణంగా 500 మిల్లీగ్రాములు. అంటే పదహారు లీటర్ల ఆ నీటిలో ఒక మాత్రంత మందు ఉన్నదన్నమాట! 2009లో ప్రకటించిన మరొక పరిశోధనలో చుట్టుప్రక్కల గ్రామాల బావులలో కూడా ఆ మందు, తుమ్ములకు వాడే సెటిరిజిన్, మరికొన్ని మందులు దొరికాయి. ఆ ఊళ్ళవారికి ఏ డాక్టరూ వాటిని వ్రాయలేదు. వారు నీళ్ళు తోడుకున్నారు, అంతే.

పటాన్‌చెరు మనకు దూరమే కదా అంటారేమో. ఆ కేంద్రములో శుద్ధిచేసిన నీటిని తరువాత పైపులైను వేసి అంబర్‌పేట మురుగుశుద్ధి కేంద్రానికి, అక్కడినుండి మూసీలోనికి మళ్ళించారు. అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ హైదరాబాదు మురుగంతా మోసుకొని ఎక్కడికి వస్తుంది? సూర్యాపేట దగ్గర సోలిపేట వద్దనున్న మన మూసీ ప్రాజెక్టుకు వస్తుంది. మిర్యాలగూడ అవతల వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. సూర్యాపేట పట్టణం ఏళ్ళ తరబడి ఆ మూసీ నీళ్ళే తాగింది. నేడు మిషన్ భగీరథ ద్వారా కృష్ణా నీళ్ళు వస్తున్నాయి, అందుకు దేవునికి స్తోత్రము. అయినా మూసీ క్రింద పొలాలు పారుతూనే ఉన్నాయి, బావులలోనికి ఊట దిగుతూనే ఉంది.

ప్రియులారా, మిమ్మును భయపెట్టడానికి ఈ సంగతి చెప్పడం లేదు. ఒక గ్లాసు నీళ్ళు తాగగానే రోగం వస్తుందని నేను అనడం లేదు. అపాయము వేరొక చోట ఉంది. మందు కలిసిన నీటిలో సూక్ష్మక్రిములు చాలా వరకు చస్తాయి, మొండివి మిగులుతాయి. ఆ మొండివే పెరిగి తమ మొండితనాన్ని ఇతర క్రిములకు కూడా అందిస్తాయి. రేపు మీ బిడ్డకు జ్వరం వస్తే డాక్టరుగారు ఇచ్చే మందు పనిచేయకపోవచ్చు. మందులకు లొంగని క్రిములవలననే 2019వ సంవత్సరములో ప్రపంచమంతటా 12 లక్షల 70 వేలమంది చనిపోయారని 2022లో వెలువడిన అంచనా చెబుతోంది.

మరి ఏమి చేయాలి? నీళ్ళు కాచి తాగండి, క్రిములు చస్తాయి. అయితే కాచినంత మాత్రాన ఫ్లోరైడు గాని మందులు గాని పోవు. డబ్బున్న ఇంట్లో మిషను పెట్టుకోవచ్చు, ప్రక్కింటి కూలితల్లి ఏమి పెట్టుకుంటుంది? కుండ దగ్గర చేసే పని కుండవరకే. అందుకే ఎలీషా ఊటయొద్దకు వెళ్ళాడు.

ఊటయొద్దకు వెళ్ళడమంటే కర్మాగారపు గొట్టము దగ్గరనే మందును ఆపమని అడగడము. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ, వ్యర్థజలములో యాంటీబయాటిక్స్ ఇంతకంటే మించరాదని హద్దులు పెడుతూ ముసాయిదా వెలువరించింది. 2021లో తుది నిబంధనలు వచ్చేసరికి ఆ హద్దులు అందులో లేవు. పటాన్‌చెరులో డాక్టర్ అల్లాని కిషన్‌రావుగారు ఈ కాలుష్యముమీద ఏళ్ళ తరబడి పోరాడారు. ఒక వైద్యుడు అడగగలిగినప్పుడు, ఒక సంఘము ఎందుకు అడగకూడదు? మీ ఎమ్మెల్యేగారిని, ఎంపీగారిని ఈ ఒక్క మాట అడగండి: ఆ హద్దులు ఎప్పుడు తెస్తారు?

అయితే మన చేతులను కూడా చూచుకోవాలి. యెహెజ్కేలు 34వ అధ్యాయములో దేవుడు బలిసిన గొఱ్ఱెలను మందలిస్తాడు. అవి తేటనీరు తాగి, మిగిలినది కాళ్ళతో కలకచేస్తే, వెనుక వచ్చినవి ఆ బురదనీరు తాగవలసి వచ్చింది. హైదరాబాదుకు మనము దిగువనున్నాము, నిజమే. కాని మనకూ దిగువన ఊళ్ళున్నాయి. కాబట్టి మిగిలిపోయిన మాత్రలు, సిరపులు మోరీలో, లెట్రిన్‌లో పోయకండి. చీటీ లేకుండా మందుల షాపులో యాంటీబయాటిక్ కొనకండి. డాక్టరుగారు చెప్పినన్ని రోజులు వాడండి. కోళ్ళఫారము ఉన్న సహోదరులారా, పశువైద్యుడు చెప్పనిదే కోళ్ళ నీళ్ళలో మందు కలపకండి. ఇంటి బోరు నీటిని ఫ్లోరైడుకు పరీక్ష చేయించండి.

దాహముగొన్నవానికి గిన్నెడు చన్నీళ్ళిచ్చినవాని ఫలము పోదని ప్రభువు చెప్పాడు. ఆ గిన్నెలో మనము ఏ నీళ్ళిస్తున్నామో ఆలోచించండి. ఆ నీళ్ళు మంచివిగా ఉండునట్లు ఊటయొద్దకు వెళ్ళే ధైర్యము దేవుడు మనకందరికీ అనుగ్రహించును గాక. ఆమేన్.