కణత్వచంలో పుట్టే ఆల్డిహైడ్లు



చాలాకాలం నిలవున్న నూనె డబ్బా మూత తీస్తే ఘాటైన వాసన ముక్కుకు తగులుతుంది. గాలిలోని ఆక్సిజన్ ఆ నూనెను చెడగొట్టిందన్నమాట. ఇలాంటి మార్పే మన శరీర కణాలలోనూ జరుగుతూ ఉంటుంది. అదెలాగో ఈ పాఠంలో తెలుసుకుందాం.

కణత్వచంలో లినోలిక్, అరాకిడోనిక్ ఆమ్లాల వంటి బహుళ అసంతృప్త కొవ్వు ఆమ్లాలుంటాయి. వీటిలో రెండు ద్విబంధాల నడుమనున్న కార్బన్‌కు హైడ్రోజన్ బలహీనంగా అంటిపెట్టుకొని ఉంటుంది. హైడ్రాక్సిల్ వంటి స్వేచ్ఛా ప్రాతిపదిక దానిని సులభంగా లాగేసుకుంటుంది. హైడ్రోజన్ కోల్పోయిన కొవ్వు ఆమ్లం తానే ప్రాతిపదికగా మారి, ఆక్సిజన్‌తో కలిసి పెరాక్సిల్ ప్రాతిపదిక అవుతుంది. ఇది పక్కనున్న కొవ్వు ఆమ్లం నుండి హైడ్రోజన్‌ను లాగి, తాను హైడ్రోపెరాక్సైడ్‌గా మారుతుంది. ఈ విధంగా శృంఖల చర్య సాగిపోతుంది. ఇనుము అయాన్ల సమక్షంలో హైడ్రోపెరాక్సైడ్ విచ్ఛిన్నమైనప్పుడు కొవ్వు ఆమ్లపు గొలుసు ముక్కలవుతుంది. ఆ ముక్కలలో కొన్ని ఆల్డిహైడ్లు.

వీటిలో ముఖ్యమైనవి మూడు కార్బన్లున్న మలోన్‌డైఆల్డిహైడ్, తొమ్మిది కార్బన్లున్న 4-హైడ్రాక్సీనోనినాల్. ఈ రెండవది కణాలకు విషతుల్యమని బెనెడెట్టి, కాంపోర్టి, ఎస్టర్‌బావర్ 1980లో తెలియజేశారు.

మరి వీటికింత ప్రాధాన్యం ఎందుకు? హైడ్రాక్సిల్ ప్రాతిపదిక పుట్టిన చోటనే చర్య జరిపి అంతరిస్తుంది. ఆల్డిహైడ్లు అలా కాదు. అవి ఎక్కువసేపు నిలిచి, పుట్టిన చోటు నుండి దూరంగా వ్యాపించగలవు. హైడ్రాక్సీనోనినాల్ ప్రోటీన్లలోని సిస్టీన్, హిస్టిడిన్, లైసిన్‌లకు అతుక్కుంటుంది. మలోన్‌డైఆల్డిహైడ్ డి.ఎన్.ఎ.లోని గ్వానిన్‌తోనూ కలుస్తుంది. రక్తంలోని ఎల్.డి.ఎల్. కణికల ప్రోటీను ఇలా మారితే, మాక్రోఫేజ్‌లు ఆ కణికలను అదుపు లేకుండా మింగి నురుగు కణాలవుతాయి. ధమనుల గోడల్లో కొవ్వు పేరుకోవడానికి ఇదొక మెట్టు.

అయితే కణం నిస్సహాయంగా ఏమీ లేదు. విటమిన్ ఇ తన హైడ్రోజన్‌ను ఇచ్చి శృంఖలాన్ని తెంచుతుంది. గ్లూటాథయోన్ ఆల్డిహైడ్లను పట్టి బంధిస్తుంది. అంతేకాదు, హైడ్రాక్సీనోనినాల్ కొద్ది మోతాదులో ఉన్నప్పుడు కీప్1 అనే ప్రోటీనుకు తగిలి, రక్షక ఎంజైముల తయారీకి సంకేతమిస్తుంది. ఎక్కువైతే విషమయ్యే పదార్థమే కొద్దిగా ఉంటే హెచ్చరిక అవుతున్నది!

అలాగైతే విటమిన్ ఇ మాత్రలు మింగితే గుండెజబ్బు రాదా? 2000లో వెలువడిన 'హోప్' పరిశోధనలో 9,500 మందికి పైగా పాల్గొన్నారు. సుమారు నాలుగున్నరేళ్ల పాటు ఈ విటమిన్ ఇచ్చినా గుండెపోట్లు తగ్గలేదు. పరీక్షనాళికలో నిజమైనదల్లా మనిషి శరీరంలో అంత సూటిగా పనిచేయదని దీనివల్ల తెలుస్తున్నది.

మన చేతిలో ఉన్నది ఒకటుంది. మరిగించిన నూనెనే మళ్లీమళ్లీ మరిగిస్తే ఈ ఆల్డిహైడ్లు అందులోనే తయారవుతాయి. అందుకే వాడిన నూనెలో ధ్రువ పదార్థాలు 25 శాతానికి మించరాదన్న నిబంధన మన దేశంలో 2018 జులై 1 నుండి అమలులోకి వచ్చింది. బజ్జీలు వేయించిన నూనెను దాచిపెట్టేముందు ఈ పాఠాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి.