పళ్లు తోమనివ్వని పెద్దవాళ్లు



డిమెన్షియా వచ్చిన మనిషిని ఇంట్లో చూసుకుంటూ నా దగ్గరికి వచ్చే కోడళ్లు, కూతుళ్లు తరచూ చెప్పే మాట ఒకటుంది: "డాక్టరు గారూ, స్నానం ఎలాగోలా చేయిస్తున్నాం. బ్రష్ తీస్తే మాత్రం పళ్లు బిగబట్టేస్తారు." దాన్ని మొండితనం అనుకుంటాం. ఎదుట నిలబడ్డది ఎవరో, నోట్లో ఏం పెడుతున్నారో తెలియకపోతే మనమైనా నోరు తెరుస్తామా?

ఈ జబ్బులో పేర్లు, తేదీలు పోయినా చేతికి పట్టిన అలవాటు చాలాకాలం నిలుస్తుంది. మనకు ఆసరా అదే. వాష్‌బేసిన్ దగ్గర పేచీ పెట్టే పెద్దాయనకి పెరట్లో పీట వేసి, చెంబుతో నీళ్లు పెట్టి, బ్రష్ చేతికివ్వండి. తనే మొదలుపెట్టవచ్చు. అద్దంలో తన ముఖాన్ని చూసి ఎవరో అని బెదిరేవాళ్లుంటారు. ఆ అద్దానికి గుడ్డ కప్పండి. ఎదురుగా కూర్చుని మీరూ తోముకుంటూ చూపించండి. చెయ్యి ఆగితే దానిమీద మీ చెయ్యి వేసి నడిపించండి. అప్పటికీ వద్దంటే వదిలేసి, కాసేపాగి మళ్లీ రండి. పొద్దున్నే కావాలనేం లేదు, వాళ్లు నెమ్మదిగా ఉన్న వేళ చూసుకోండి. రాత్రి పడుకునేముందు మాత్రం వీలైనంతవరకు మానకండి, నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది.

మెత్తటి బ్రష్, బఠాణీ గింజంత ఫ్లోరైడ్ పేస్టు చాలు. ఉమ్మడం మరిచినవాళ్లకి పల్చగా రాసి, తడిగుడ్డతో తుడిచెయ్యండి. తల వెనక్కి వాల్చొద్దు, పళ్ల మధ్య మీ వేలు పెట్టొద్దు. కట్టుడు పళ్లు రాత్రి తీసి, తోమి, చన్నీళ్లలో వెయ్యండి. వేడినీళ్లకి వంకరపోతాయి. కడిగేటప్పుడు బేసిన్‌లో తువ్వాలు పరిస్తే జారిపడ్డా విరగవు.

ఇంత పట్టుదల ఎందుకంటారా? మింగడం తడబడే దశలో నోట్లోని క్రిములు ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెప్పిస్తాయి. డిప్రెషన్‌కి వాడే కొన్ని మాత్రలు, మూత్రం ఆపుకోలేనివాళ్లకిచ్చే కొన్ని మందులు నోటిని ఎండగడతాయి, దాంతో పళ్లు తొందరగా పుచ్చుతాయి. ఆ నొప్పిని వాళ్లు చెప్పలేరు. కంచం తోసేస్తారు, చెంప రుద్దుకుంటారు, రాత్రంతా తిరుగుతారు. జబ్బు ముదిరిందనుకుని మనం మాత్ర పెంచమంటాం. ముందు టార్చిలైటు వేసి నోట్లో చూడండి. శ్రీకాకుళం, విశాఖ వైపు అడ్డపొగ, అంటే చుట్ట మండే కొసని నోట్లో పెట్టుకుని, తాగిన అమ్మమ్మలున్న ఇళ్లలోనైతే అంగిలి కూడా చూడాలి. తెల్లమచ్చ గానీ పుండు గానీ 2 వారాలకి తగ్గకపోతే ఆలస్యం చెయ్యకండి.

జబ్బు బయటపడిన కొత్తలోనే, కుర్చీలో కుదురుగా కూర్చోగలిగినప్పుడే, పిప్పిపళ్లు బాగుచేయించండి. తర్వాత ఆ పని చాలా కష్టం.

ఇప్పుడు ఆ బల్ల దగ్గర చెయ్యి పట్టి తోమించడం చూపిస్తాను. ఇది కోడలి పనేనని కూర్చున్న కొడుకులుంటే, ముందు మీరు రండి.